నీళ్ళ రుచి చెప్పే మేడమ్‌గారు

మా మేడమ్‌గారు పోయారన్న సంగతి నాకు కాలువలు కట్టేశాక తెలిసింది. ఆవిడ పోయింది ఫిబ్రవరిలోనట. అప్పటికింకా కాలువల నిండా నీళ్ళున్నాయి. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ఈ ఏడు కట్టేసిన నాలుగో రోజున, రావులపాలెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ పక్కన వంతెన మీద నిలబడి కాలువ అడుగు చూస్తున్నాను. ఎవరో స్కూటరు ఆపారు. చూస్తే, అమలాపురంలో యూనివర్సిటీ సెంటర్లో అయిదేళ్ళూ నాతో చదివిన స్నేహితుడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మేడమ్‌గారి భూస్థాపనకి ఎవరెవరు వచ్చారో చెప్పడం మొదలుపెట్టాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. నాకు తెలీదంటే నమ్మలేదు. నీకు చెబుదామంటే నీ కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదన్నాడు. నిజమే, నేనే ఎవరికీ ఇవ్వలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆవిణ్ణి పేరుతో తలుచుకోలేదు. ఇప్పుడు కొత్తగా రాస్తే వేరెవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది. ఆవిడ మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. దాంతోపాటు పర్యావరణం అని ఒక చిన్న పేపరుండేది. మిగతా చోట్ల ఆ పేపరుకి పరీక్ష ముందు పది పేజీల నోట్సు జిరాక్సు తీసి పంచేస్తే అయిపోయేది. మా ఖర్మ కొద్దీ అది ఆవిడ చేతిలో పడింది.

సన్నగా, పొట్టిగా ఉండేవారు. నేత చీర కాస్త ఎత్తి కట్టేవారు. వానాకాలం వేసుకునే ప్లాస్టిక్ చెప్పులే ఎండాకాలం కూడా. భుజానికి గుడ్డసంచి, అందులో పుస్తకాల కంటే సీసాలెక్కువ. మెట్లెక్కుతుంటే ఆ సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేది. ఆ చప్పుడు విని మేం సర్దుకుని కూర్చునేవాళ్ళం. చిన్నా పెద్దా లేకుండా అందర్నీ మీరు అనేవారు. మా కోనసీమలో అండీ లేకుండా మాట రాదన్నది నిజమే గానీ, ఆవిడది మరీ చోద్యం. కాలువగట్టు మీద దారికి అడ్డంగా పడుకున్న గేదెని "కాస్త పక్కకి జరుగుతారాండీ" అని అడగడం నేను చెవులారా విన్నాను. గేదె జరిగింది కూడా.

మొదటి రోజు క్లాసులోకి వచ్చి బల్ల మీద నాలుగు గ్లాసులు పెట్టి, నాలుగు సీసాల్లోంచి నీళ్ళు పోశారు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి రుచి చూసి చెప్పమన్నారు. మేం తాగి, నీళ్ళేనండీ అన్నాం. ఇంకేం చెప్పాలో మాకు తెలీలేదు. అప్పుడావిడ ఒక గ్లాసెత్తి, గుక్కెడు పోసుకుని, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయారు. రాజోలు వైపు క్రైస్తవుల ఇంటి మనిషి కదా, ప్రార్థన చేసుకుంటున్నారనుకుని మేం కూడా మర్యాదగా తలలు వంచాం. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వారు. "ప్రార్థన ఇంటి దగ్గరే అయిపోయిందండీ. ఇది పని" అన్నారు. తర్వాత వరసగా చెప్పేశారు. ఇది కాలువ నీళ్ళు, ఇది మున్సిపాలిటీ కుళాయి, ఇది ముమ్మిడివరం వైపు బోరు, పక్కన రొయ్యల చెరువులున్నాయి, ఇది ఇసక మెరక మీద నుయ్యి. సీసాలకి అంటించిన కాగితాలు చూస్తే ఒక్కటీ తప్పు లేదు.

నాలిక ముందు, మీటరు తర్వాత. ఇది ఆవిడ మాట. ఎన్నిసార్లు అని ఉంటారో. నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు పెన్ను అంత ఉంటుంది, మా ల్యాబులో నాలుగున్నాయి. కానీ ముందు రుచి చూసి అంచనా రాయాలి, అప్పుడే మీటరు ముట్టుకోనిచ్చేవారు. మీటరుకి బ్యాటరీ అయిపోతుంది, నాలిక్కి అవ్వదనేవారు. ఆరునెలలు తిరిగేసరికి మాకూ ఎంతోకొంత తెలియడం మొదలెట్టింది. పెళ్ళి భోజనాల్లో కూర్చుని, ఈ నీళ్ళు ఎక్కడివని వడ్డించేవాళ్ళని అడిగి తిట్లు తిన్నవాళ్ళున్నారు మాలో.

ఆవిడ ఇచ్చిన మొదటి ఇంటిపని ఒకే ఒక్క వాక్యం. మీ ఇంట్లో నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో అక్కడిదాకా వెనక్కి నడిచి రాయండి. నేను "మోటారు నుంచి" అని రాశాను. అందులో తప్పేముందని ఇప్పటికీ అనుకునేవాణ్ణే, ఆవిడ గనక ఎర్ర సిరాతో కింద "మోటారు ఎక్కణ్ణించి తెస్తోందండీ?" అని రాసి వెనక్కి ఇవ్వకపోతే. అలా మూడుసార్లు తిరిగొచ్చింది నా కాగితం. నాలుగోసారికి నేను పొలం గట్ల మీద, కాలువ వెంట, తూముల దగ్గర ఆగుతూ, కాలువకి నీళ్ళు వదిలే లాకుల దాకా నడిచాను. చిన్నప్పట్నుంచీ తాగిన నీళ్ళని అప్పుడే మొదటిసారి చూశాను.

ఇక కాలువలో పరీక్ష గురించి ఇప్పటికీ అమలాపురంలో చెప్పుకుంటారు. కాలువ కట్టేసిన వారంలో ఆవిడ మమ్మల్ని కాలువ అడుక్కి దింపేవారు. ప్రశ్నపత్రం ఉండదు. ఒక్కొక్కళ్ళకి ఇంత దూరమని పంచిపెట్టి, మీ ముక్కలో కాలువలోకి ఏమేం వస్తున్నాయో రాయమనేవారు. నీళ్ళున్నప్పుడు అందంగా కనిపించే కాలువ, అడుగు తేలాక చూడాలి. గట్టు మీది ఇళ్ళ వెనకల్నుంచి గొట్టాలు పళ్ళికిలించుకుని ఉండేవి. ఇందాక స్కూటరు ఆపాడన్నానే, ఆ స్నేహితుడి ముక్కలో వాళ్ళింటి గొట్టమే వచ్చింది. వాడు దాన్ని వదిలేసి మిగతావన్నీ రాసుకొచ్చాడు. మేడమ్‌గారు కాగితం చూసి మడిచి సంచిలో పెట్టుకున్నారు. గట్టెక్కి వాళ్ళింటికెళ్ళి, వాళ్ళమ్మగారినడిగి కాఫీ తాగి, పెరడు బాగుందని మెచ్చుకుని, అక్కడో గుంత తవ్వుకుంటే వాడిన నీళ్ళు అరటిచెట్లకి వెళతాయి కదండీ అని చెప్పి వచ్చేశారు. ఆ ఆదివారం వాడూ వాళ్ళ నాన్నా గుంత తవ్వారు. పది మంది ముందు ఎవర్నీ తలవంచుకునేలా చెయ్యడం ఆవిడకి రాదు. 

ఆవిడ ఊరు రాజోలు దాటాక, సముద్రం వైపు. వారమంతా అమలాపురంలో అద్దెకుండి ఆదివారం ఊరెళ్ళేవారు. ఊళ్ళో చెల్లెలు ఉండేవారు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఆ ఇంటి ముందు ఇసక మెరక మీద ఒక నుయ్యి ఉంది. నన్నడిగితే మా యూనివర్సిటీ అసలు క్లాసురూము అదే.

మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడు మొదట ఒక గాజుగ్లాసులో సిరా కలిపిన ఉప్పునీళ్ళు సగం పోశారు. దాని మీద గరిటె వాలుగా పెట్టి మంచినీళ్ళు మెల్లిగా జారవిడిచారు. నీలం కింద ఉండిపోయింది, తెలుపు పైన నిలిచింది. మన ఊళ్ళ కింద ఉన్నది ఇదేనండీ అన్నారు. కింద సముద్రం, దాని మీద వాన పోసిన తీపినీళ్ళు, జానెడో మూరెడో. మాలో ఒకణ్ణి పిలిచి స్ట్రా పెట్టి మెల్లిగా పీల్చమన్నారు. తెల్లగా వచ్చింది. గట్టిగా లాగమన్నారు. నీలం నోట్లోకొచ్చి వాడు ఉమ్మేశాడు. అందరం నవ్వాం. ఇక్కడ నీళ్ళు తగ్గాయని లోతుకి బోరు దింపినవాళ్ళందరూ ఆ పొరపాటే చేశారని, ఇంకెక్కడైనా లోతుకి పోతే నీళ్ళు పడతాయి గానీ ఇక్కడ ఉప్పు పడుతుందని చెప్పారు.

అందుకే ఆ నూతికి మోటారు లేదు. చేదతో తోడుకోవడమే. దానికో కట్టుబాటు కూడా ఉండేది. మధ్యాహ్నం వేళ ఎవరూ చేద వెయ్యకూడదు. పొద్దున్నంతా తోడిన నుయ్యి మళ్ళీ ఊరడానికి ఆ టైము దానికి వదిలెయ్యాలి. వాళ్ళ పేటలో దాన్ని నూతిని పడుకోబెట్టడం అంటారు. మేం వెళ్ళింది సరిగ్గా ఆ వేళే. దాహంతో నోరెండిపోతోంది, ఎదురుగా నుయ్యి, చేద, తాడు, అన్నీ ఉన్నాయి. మేడమ్‌గారు గొడుగు వేసుకుని అరుగు మీద కూర్చుని "ఇంకాసేపు ఆగండి, పడుకున్నారు" అన్నారు. నూతికి కూడా మర్యాదే.

ఆ ఎదురుచూపులోనే చెప్పారు, నుయ్యి ఎవరు తవ్వారో. "మా తాతలండీ. అప్పట్లో మావాళ్ళు పెద్ద రైతుల పొలాల్లో కూలికెళ్ళేవారు. వాళ్ళ నూతుల్లో చేద వెయ్యనిచ్చేవారు కాదు. ఎవరైనా తోడి పోస్తే దోసిలి పట్టేవారు, లేకపోతే లేదు. అందుకని పేటంతా కలిసి, పన్లోంచి వచ్చేక తవ్వుకున్నారండీ ఇది." కోపంగా చెప్పలేదు. గ్లాసులో సిరా గురించి చెప్పినట్టే చెప్పారు. ఆ పెద్ద రైతుల్లో మా మావయ్య వాళ్ళ తాత కూడా ఉండుంటాడని నాకు అప్పుడు తట్టింది. ఎందుకంటే మా మావయ్యది అదే ఊరు. నాన్న పోయాక నన్ను పెంచింది మావయ్యే. నేను ఆ ఊరినుంచే కాలేజీకి వచ్చేవాణ్ణి.

అదే నా కొంప ముంచింది. ఊళ్ళోనే ఉంటున్నారు కదండీ అని, ఆ నూతి నీళ్ళు నెలకోసారి కొలిచి గీత గీసే పని ఆవిడ నాకప్పగించారు. క్లాసులో అంతమంది ఉండగా నాకు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. నెలకో ఆదివారం నేను రుచి చూసి, మీటరు పెట్టి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి ఆవిడకి ఇచ్చేవాణ్ణి. మొదటి ఏడు గీత నేల మీద పడుకున్నట్టే ఉంది.

రెండో ఏడు మావయ్య ఆ మెరక పక్కన తన చేలో రొయ్యల చెరువు తవ్వాడు. లోతుకి బోరు దింపి ఉప్పునీళ్ళు పైకి తెచ్చి చెరువు నింపాడు. మూడు నెలలు తిరక్కుండానే నా నాలుక్కి తెలిసింది. మీటరు పెడితే మూడంకెలుండేది నాలుగంకెలైంది. అన్నాలు తినేటప్పుడు మావయ్యతో అన్నాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కాసేపు అన్నం కెలికి, "ఈ పట్టుబడి అయ్యేదాకా ఆగరా. తర్వాత బోరు మూసేస్తాను" అన్నాడు. పట్టుబడి అంటే రొయ్యలు పట్టి అమ్మడం, మూడు నాలుగు నెలల పని. మేడమ్‌గారు ఆ గీత చూస్తే ఊరుకోరని, పేటంతటినీ వెంటబెట్టుకుని కలెక్టరుగారికి అర్జీ పెడతారని నాకు తెలుసు. నన్ను పెంచినాయన అడిగాడు. ఒక్క పంటకే కదా అనుకున్నాను. చుక్క కిందకి పెట్టాను.

ఒకసారి తగ్గించి పెట్టాక వచ్చే నెల నిజం పెడితే గీత నిట్టనిలువునా లేస్తుంది. దొరికిపోతాను. అంచేత వచ్చే నెల కూడా తగ్గించాను. ఆ పై నెల కూడా. పట్టుబడి అయింది, ఇంకో పంట వేశాడు. బోరు మూయలేదు. నేను మాత్రం ఏడాదిన్నర చుక్కలు పెట్టాను. అప్పట్లో ఆవిడకి ఆదివారాలు కూడా కాలేజీలోనే పని పడి, ఊరు రావడం బాగా తగ్గింది. అబద్ధాన్ని అంత శుభ్రంగా, స్కేలు పెట్టి గీసినవాడు ఇంకొకడుండడు.

ఆఖరి కాగితం ఇచ్చిన రోజు ఆవిడ స్టాఫ్‌రూములో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. వేలితో ఆ గీత మీద మొదట్నుంచి చివరిదాకా నడిచారు. "చెరువు పక్కన ఉండి కూడా ఎంత నిలబడిందో చూసేరా అండీ. మావాళ్ళు గట్టి చోటే తవ్వేరు" అన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి. డబ్బాలోంచి జామకాయ తీసి, కోసి, పెద్ద ముక్క నాకిచ్చారు. ఆ ముక్క నేను తిన్నాను.

తర్వాత అందరికీ జ్వరాలొచ్చి వాసనా రుచీ పోయిన ఏడు వచ్చింది. ఆవిడకీ వచ్చి, చెల్లెలిగారి దగ్గరే ఉండి తగ్గించుకున్నారు. ఒకరోజు ఫోను చేశారు. జ్వరం తర్వాత వాసనలు తిరిగొచ్చాయి గానీ మన నూతి నీళ్ళు మాత్రం నోటికి ఉప్పగా తగులుతున్నాయండీ, మీ మీటరు ఏమంటోంది అని అడిగారు. బాగానే ఉందండి మేడమ్‌గారూ అన్నాను. ఆయ్, ఆయ్, అన్నారు రెండుసార్లు. ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశారు. నేను చదువు ముగించుకుని ఊరొదిలి వచ్చేశాను. ఆవిడ ఫోను మళ్ళీ మోగితే ఎత్తలేకపోయాను. కొన్నాళ్ళకి నంబరే మార్చేశాను. ఇప్పుడు మా కాలేజీలో నేను కూడా గ్లాసులో సిరా కలిపి చూపిస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. వాళ్ళు ఇళ్ళ దగ్గర నీళ్ళ వెంట వెనక్కి నడిచి వచ్చి చెబుతుంటే, ఆవిడ వెనక బెంచీలో కూర్చుని వింటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. ఆవిణ్ణి తలుచుకోని క్లాసు లేదు. వెళ్ళి చూడడానికి మాత్రం మొహం లేకపోయింది.

మొన్న స్నేహితుడు చెప్పాక, మర్నాడే బస్సెక్కి రాజోలు వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో ఊరు చేరాను. చెరువు అలాగే ఉంది. రొయ్యలకి గాలి ఆడడానికి పెట్టిన చక్రాలు తిరిగి నీళ్ళు చిమ్ముతున్నాయి. మెరక మీద నూతి చుట్టూ గడ్డి మొలిచింది. వీధిలో ప్రతి గుమ్మం ముందూ కొనుక్కున్న నీళ్ళ టిన్నులున్నాయి. చెల్లెలుగారు నన్ను గుర్తుపట్టి, రండి బాబూ అని లోపలికి పిలిచి కుర్చీ వేశారు. గోడకి, క్యాలెండరు పక్కన, నా గ్రాఫు కాగితం అంటించి ఉంది. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

ఆవిడ తనంతట తనే చెప్పుకుపోయారు. జ్వరాల తర్వాత పేటలో ఆడవాళ్ళందరూ ఇంటికొచ్చారట. నీళ్ళు ఉప్పెక్కుతున్నాయి, చెరువు మీద అర్జీ పెడదాం, ముందు మీరు సంతకం పెట్టండని మేడమ్‌గారిని అడిగారట.

"అక్క పెట్టలేదండీ. మీ కాయితం చూపించింది. జ్వరం వచ్చి మన నాలికలు పాడయ్యేయి గానీ నీళ్ళు పాడవలేదు, మా అబ్బాయి కొలిచేడు, అబద్ధం రాయడు, లేనిది ఉందని అర్జీ పెట్టకూడదు అంది. అక్క మాట కాదని ఎవరు పెడతారండీ? మానేసేరు. తర్వాత ఒక్కొక్కళ్ళే టిన్నులు తెచ్చుకోవడం మొదలెట్టేరు. అక్క మాత్రం చివరిదాకా ఈ నూతి నీళ్ళే తాగింది."

 ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ మొదలుపెట్టారు. రిటైరయ్యే ఏడు మేడమ్‌గారు కాలేజీలో రుచి చూడడం మానేశారట. నా నాలిక్కి ఇంక విలువ లేదు, పిల్లలకి తప్పు చెప్పేస్తాను అన్నారట. ఇంటి దగ్గర మాత్రం సాయంత్రాలు నూతి పక్కన కూర్చుని, గుక్కెడు నీళ్ళు నోట్లో ఉంచుకుని, కళ్ళు మూసుకుని ఉండేవారట. ఈవేళైనా రుచి తిరిగొచ్చిందేమో చూసుకోవడానికి. రాలేదని లేచి వచ్చేవారట. అలా ఎన్నేళ్ళని. ఆ నాలుకకి ఏమీ కాలేదు. ఆ పేటలో నిజం చెబుతున్నది అదొక్కటే, దాన్నే ఆవిడ నమ్మలేదు. నా గీతని నమ్మారు.

"మీరు చదువుకున్నవారు కదండీ" అన్నారు చెల్లెలుగారు. "మీరు చెప్పండి. మారింది నీళ్ళా, మా నాలికలా?"

నీళ్ళేనండీ, అన్నాను. తర్వాత అంతా చెప్పాను. మావయ్య మాట, మొదటి చుక్క, ఏడాదిన్నర, ఆ ఫోను, అన్నీ. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని. అర్జీ నేనే రాస్తానని, నా పేరూ మావయ్య పేరూ రెండూ అందులో పెడతానని, పేటలో ఇంటింటికీ తిరిగి నేనే చెబుతానని అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళమనలేదు. గుమ్మంలోంచి నూతి వైపు చూశారు.

"పేటలో మీరు చెప్తారు సరేనండీ" అన్నారు చివరికి. "మరి అక్కకి ఎవరు చెప్తారు?"